రెఫరీ చేతులు

ఎనిమిదేళ్ళ వయసులో తేలు చచ్చిపోవాలని రోజూ దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. తేలంటే పురుగు కాదు, మనిషి. ఆదివారం మధ్యాహ్నాలు మా ఊరి హాల్లో జరిగే రెజ్లింగ్ ఆటల్లో నల్ల ముసుగేసుకుని, రెఫరీ అటు తిరగ్గానే ఎదుటివాడి కళ్ళల్లో పొడి చల్లే దుర్మార్గుడు. వాడితో తలపడే మా హీరో మెరుపుని వాడు కొట్టిన రోజు నాకు ముద్ద దిగేది కాదు. నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. వారమంతా గట్టిగా ఒక మాట మాట్లాడని మనిషి, అక్కడ మాత్రం కుర్చీ ఎక్కి గొంతు చించుకునేవాడు. ఒకసారి నేను కాలి చెప్పు తీసి తేలు మీదికి విసిరితే గురి తప్పి రెఫరీకి తగిలింది. ఒంటి చెప్పుతో ఇంటికొచ్చి అమ్మ చేత తిట్లు తిన్నాను. అయినా నాకేం విచారం లేదు.

పన్నెండో ఏట నా కొంప మునిగింది. ఆట అయ్యాక మెరుపు సంతకం తీసుకుందామని నాన్నా నేనూ హాలు వెనక్కి వెళ్ళాం. అక్కడ బల్ల మీద మెరుపు బోర్లా పడుకుని ఉన్నాడు. తేలు ముసుగు మీదికి ఎత్తుకుని, పక్కన కూర్చుని, అతని నడుముకి మందు రాస్తున్నాడు. "నొప్పి ఇక్కడా, ఇంకా కిందికా?" అని అచ్చం మా అమ్మ అడిగినట్టు అడుగుతున్నాడు. నోరెళ్ళబెట్టి నిలబడిపోయాను. సంతకమూ లేదు, ఏమీ లేదు. దారి పొడుగునా ఏడ్చాను.

"వాళ్ళిద్దరూ స్నేహితులు నాన్నా. మనల్ని మోసం చేస్తున్నారు."

"నాకు తెలుసమ్మా," అన్నాడు నాన్న తాపీగా.

అది రెండో దెబ్బ. "తెలిసీ ఎందుకరుస్తావు మరి?"

"వాళ్ళు అంత ఎత్తు నుంచి పడుతున్నారు కదా పాపం. మనం నమ్మకపోతే అదంతా దండగ కాదూ?"

ఆ మాట నా తలకెక్కలేదు. నెల రోజులు నాన్నతో ముభావంగానే ఉన్నాను.

తర్వాత మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాను, ఈసారి గుట్టు కనిపెట్టడానికి. పట్టులో ఉన్నప్పుడు ఒకరి చెయ్యి ఇంకొకరు మెల్లగా నొక్కుతారు, బాగానే ఉన్నావా అని. బాగుంటే అవతలివాడు తిరిగి నొక్కుతాడు. నిజంగా దెబ్బ తగిలితే రెఫరీ రెండు చేతులూ తలపైకెత్తి అడ్డంగా పెడతాడు, ఇది ఆట కాదు, డాక్టర్ని పిలవండి అని. ఇవన్నీ పక్కవాళ్ళకి విప్పి చెప్పి వాళ్ళ సరదా పాడుచెయ్యడం నాకు సరదా. ఎక్స్‌రే గదిలో ఉద్యోగం వచ్చాక నాకు కళ్ళు నెత్తికెక్కాయి. రోజూ మనుషుల్ని లోపలి నుంచి చూసేదాన్ని, నా చెవిలో ఎవడు పువ్వు పెట్టగలడు అనుకునేదాన్ని. పైగా పోయినేడాది ఆ రెఫరీ గుర్తుని కూడా నాటకంలో కలిపేశారు. రెండుసార్లు చేతులు అడ్డం పెట్టాడు, రెండుసార్లు స్ట్రెచర్ వచ్చింది, రెండుసార్లూ తేలు దాని మీంచి లేచి ఎదుటివాణ్ణి చితక్కొట్టాడు. మొదటిసారి నేను కూడా హడలిపోయాను. రెండోసారి ఒళ్ళు మండింది.

పోయిన ఆదివారం మా ఆసుపత్రి ఎముకల డాక్టరుగారిని వెంటబెట్టుకెళ్ళాను. ఆయన రెజ్లింగ్ ఎప్పుడూ చూడలేదట. ముందు వరసలో కూర్చోబెట్టి, ప్రతిదీ విడమరిచి చెప్పాను. మెరుపు ఎప్పుడో మానేశాడు, ఇప్పుడు ఆడేది వాళ్ళబ్బాయి చిన్నమెరుపు. తేలు మాత్రం అరవై దగ్గరపడుతున్నా అదే ముసుగులో ఉన్నాడు. చిన్నమెరుపు అతన్ని మూల స్తంభం మీది నుంచి ఎత్తి వేశాడు. వీపు మీద పడాల్సినవాడు తల మీద పడ్డాడు. హాలంతా చప్పట్లు. చిన్నమెరుపు వంగి తేలు చెయ్యి నొక్కాడు. ఆగి, మళ్ళీ నొక్కాడు. రెఫరీ మోకాళ్ళ మీద కూర్చుని ఏదో అడిగాడు. లేచి, రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టాడు.

డాక్టరుగారు దిగ్గున లేచారు. "నువ్వు చెప్పిన గుర్తు అదే కదమ్మా?"

నేను ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగాను. "కూర్చోండి సార్. ఇప్పుడు స్ట్రెచర్ వస్తుంది. దాని మీంచి లేచి కొడతాడు, చూడండి."

"దెబ్బ పడింది మెడ మీదమ్మా."

"ఇరవై ఏళ్ళ పైనుంచి చూస్తున్నాను సార్. నా మాట నమ్మండి."

ఆయన నమ్మి కూర్చున్నారు. నేను అక్కడితో ఆగానా? "బాగా చేశావు తేలూ" అని అరిచాను. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. ఇద్దరు పనివాళ్ళు స్ట్రెచర్ తెచ్చి, పోయిన రెండుసార్లూ చేసినట్టే, తేలుని చెరో చంకా పట్టుకుని లేపారు. తల వెనక్కి వేలాడిపోయింది. చిన్నమెరుపు వాళ్ళని నెట్టేసి మా వైపు తిరిగాడు. ఏడుస్తున్నాడు.

"డాక్టర్లెవరైనా ఉన్నారా? ఇది ఆట కాదండీ."

డాక్టరుగారు అప్పటికే పరిగెత్తారు.

గంట తర్వాత మా ఎక్స్‌రే గదిలో తేలు ముసుగు నేనే కత్తిరించాను. లోపల తెల్లగడ్డం, చెమట, ఎవరింట్లోనైనా పెదనాన్నలా ఉండే మొహం. మెడకీ ఛాతీకీ ఫొటోలు తీసి, అద్దం ఇవతలికి వచ్చి తెర చూశాను. మెడలో ఐదో ఎముక విరిగి పక్కకి జరిగింది. అది ఇవాళ్టిది. మిగతావి పాతవి. భుజం దగ్గరి ఎముక రెండు చోట్ల విరిగి అతుక్కుంది. పక్కటెముకలు నాలుగు వంకరపోయి ఉన్నాయి. అవి విరిగిన ఆదివారాల్లో కొన్నిటికైనా నేను అక్కడే కూర్చుని ఉంటాను, నటన నటన అని పక్కవాళ్ళకి చెబుతూ.

డాక్టరుగారు నా వెనకే నిలబడి ఉన్నారు. "పడ్డాక కాళ్ళు కదిలించాడు. నేను చూశాను," అన్నారు మెల్లగా. "వాళ్ళు లేపాకే ఆగిపోయాయి."

అంతకు మించి నన్నేమీ అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. డాక్టరుగారు లేచినప్పుడే వెళ్ళుంటే ఆ మెడని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. వెళ్ళనివ్వనిది నేను.

తేలు దగ్గరికి వెళ్ళాను. పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నారు.

"ఆటకొచ్చావామ్మా?" అన్నారు, మాట కూడబలుక్కుంటూ.

"వచ్చానండీ. ముందు వరసలో ఉన్నాను."

"జనం నమ్మారా?"

"నమ్మారండీ," అన్నాను.

"హమ్మయ్య," అన్నారాయన. పెదాల మీద నవ్వులాంటిదేదో వచ్చింది.

ఏం చెయ్యాలో తెలియక ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకుని, రింగులో వాళ్ళు చేసుకున్నట్టే నొక్కాను. ఆయన కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. "చెయ్యి నొక్కుతున్నానండీ," అని పైకే చెప్పాల్సి వచ్చింది.

"నేనూ నొక్కుతున్నానమ్మా," అన్నారు. "తెలుస్తోందా?"

నా అరచేతిలో ఆయన వేళ్ళు తెరుచుకుని అలాగే ఉన్నాయి.