నలభైకి ముప్పై ఒకటి

ఆమెను అందరూ డాక్టరమ్మ అనేవారు. సూది వేయదు, మందు రాయదు, బల్ల మీద బొమ్మ పెట్టి "ఇదేంటండీ?" అని అడుగుతుంది. ఇదేం వైద్యమో అని కొత్తగా వచ్చినవాళ్ళు గొణుక్కునేవారు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళకు మొదటి నెలల్లోనే గట్టిగా సాధన చేయిస్తే ఎంత మాట తిరిగొస్తుందన్నది ఆమె పరిశోధన. మూడేళ్ళుగా అదే లోకం. కన్నపిల్లల మీద చూపించని ఓపిక ఆ బొమ్మల కార్డుల మీద చూపించింది.

ఆ మధ్యాహ్నం, మార్కులు సరిగ్గా పడ్డాయో లేదో చూడ్డానికి రోగుల పరీక్షల పాత వీడియోలు తిరగేస్తున్న సహోద్యోగి ఆమెను పిలిచాడు. తెర మీద కండక్టరు గారున్నారు. ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టి, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళను తిట్టిపోసిన నోరు ఆయనది. మొదటి పరీక్షలోనే నలభైకి ముప్పై ఒకటి తెచ్చుకున్నారు.

"ఆయన్ని కాదు మేడమ్. వెనకాల బీరువా అద్దం చూడండి."

అద్దంలో కాగితం మీదికి వంగిన డాక్టరమ్మ కనిపిస్తోంది. ఆమె వెనక, గోడవారగా కుర్చీలో కండక్టరు గారి భార్య. బల్ల మీద మంచం బొమ్మ పెట్టగానే ఆ ఇల్లాలు డాక్టరమ్మ భుజం మీదుగా తొంగి చూసింది. చప్పుడు లేకుండా పెదవులు "మం" అని కదిపింది. కండక్టరు గారు ఆ పెదవుల వైపు చూసి "మంచం" అన్నారు. తర్వాత బొమ్మకూ అంతే, ఆ తర్వాత బొమ్మకూ అంతే.

డాక్టరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఆమె కళ్ళు రోగి నోటి మీద, లేదంటే మార్కుల కాగితం మీద. ఒక్కసారి వెనక్కి తిరిగి చూద్దామని మూడేళ్ళలో తోచలేదు.

పదిహేను లోపు వచ్చినవాళ్ళకే నాలుగు నెలలు రోజూ సాధన. దాటినవాళ్ళు ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఈ సంగతి రోగులకు చెప్పకూడదని నియమాల్లో పట్టుబట్టి రాయించింది డాక్టరమ్మే. చెబితే సాధన కోసం కావాలని మార్కులు తగ్గించుకుంటారట! దొంగచాటుగా పెంచుకునేవాళ్ళు ఉంటారని అంత చదువుకున్న బుర్రకు తట్టకపోవడమే ఘోరం. "ఇంక రానక్కర్లేదమ్మా" అని చెప్పినప్పుడు ఆ ఇల్లాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సంతోషం పట్టలేకే అనుకుంది డాక్టరమ్మ.

మర్నాడు పొద్దున్నే ఇద్దరినీ పిలిపించింది. భార్యను వరండాలో కూర్చోబెట్టి తలుపేసింది. దువ్వెన బొమ్మ చూసి కండక్టరు గారు తల దువ్వుకున్నట్టు చెయ్యి ఆడించారు. తాళం చూసి వేళ్ళు తిప్పారు. అన్నీ తెలుసు, మాటే లేదు. ప్రతి బొమ్మకూ ఒకసారి తలుపు వైపు చూసేవారు. నలభైకి రెండు వచ్చాయి.

భార్యను లోపలికి పిలిచింది.

"మీరు అందించారు కదమ్మా."

ఆ ఇల్లాలి మొహం పాలిపోయింది. "తప్పేనమ్మా. మార్కులు తక్కువొస్తే ఈయన వల్ల కాదని తీసేస్తారేమోనని భయపడ్డాను. ఆయన్నేమీ అనకండి, చేసిందంతా నేనే. ఇప్పుడు మీకు తెలిసిపోయిందిగా, ఇంక మొదలుపెట్టండి. నేను గేటు దగ్గరే కూర్చుంటా, ఇటువైపు తొంగి కూడా చూడను."

"పరిశోధన ముగిసింది, సాధన అయిపోయిందమ్మా. పోయిన నెలతో చేయించేవాళ్ళు కూడా వెళ్ళిపోయారు. పెద్దాసుపత్రిలో పేరు రాయిస్తాను. కానీ అక్కడ ఏడాది ఆగాలి. పక్షవాతం వచ్చి ఇప్పటికే ఎనిమిది నెలలు..." డాక్టరమ్మ ఆగిపోయింది. ఆలస్యమైనకొద్దీ మాట రావడం ఎంత కష్టమో ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

"మరి తక్కువొచ్చినవాళ్ళని ఏం చేశారమ్మా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఇల్లాలు కళ్ళలోకి చూస్తోంది.

"వాళ్ళకే చేయించాం. తప్పు మీది కాదమ్మా, నాది. మీకు చెప్పకుండా దాచింది నేను."

రెండో మాట ఆ ఇల్లాలికి వినపడనే లేదు. "అయితే నేనే... ఆయన్ని నేనే..." అంటూ నోట్లో కొంగు కుక్కుకుంది.

కండక్టరు గారికి అన్నీ అర్థమయ్యాయి. కుర్చీలోంచి కష్టపడి లేచి, భార్య చెయ్యి పట్టుకుని, నోరు తెరిచారు. మెడ నరాలు ఉబ్బాయి. ఏదో చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ ఇల్లాలు కొంగు తీసేసి, అలవాటుగా ఆయన కళ్ళ ముందుకు తన మొహం తెచ్చింది. అందించడానికి పెదవులు విప్పింది.

ఏ మాట అందించాలో ఆవిడకు తెలియలేదు.