ఉప్పు తగ్గింది

ముప్పై నాలుగేళ్ళు ఓడలో వంట చేశాను. క్యాంప్‌బెల్ బే దాకా దీవుల మధ్య తిరిగే ఓడ. సముద్రం ఎగిరెగిరి పడుతుంటే ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఇంకో చేత్తో గరిటె తిప్పినవాణ్ణి. పాతికమంది క్రూకి మూడు పూటలా పెట్టాను. కెప్టెన్‌ని అడగండి, ఇంజను గదిలో వాళ్ళని అడగండి, గవరయ్య పప్పుకి వంక పెట్టిన మగాడు లేడు. అలాంటి నాకు ఈ వయసులో ముగ్గురికి సరిపడా కూర వండటం చేతకావడం లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను.

ముగ్గురం అంటే నేను, నా భార్య అచ్చమ్మ, కూతురు సాయిలక్ష్మి. బ్రూక్షాబాద్‌లో రేకుల ఇల్లు. పిల్ల ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్ కౌంటర్లో కూర్చుంటుంది. పొద్దున వెళితే మళ్ళీ సాయంత్రమే. పగలంతా ఇంట్లో ఉండేది అచ్చీ, నేనూ.

ఓడ రోజుల్లో నేను పది పన్నెండు రోజులకోసారి ఇంటికొచ్చేవాణ్ణి. కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చునేవాణ్ణి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, "ఉప్పు తగ్గిందే అచ్చీ" అనేవాణ్ణి. అంతే! గరిటె చేత్తో పట్టుకుని వంటింట్లోంచి వచ్చేసేది.

"తగ్గిందా? అరే బాబా, తగ్గిందా? ఉప్పుగాలి మింగి మింగి నీ నాలిక మొద్దుబారిపోనాది బావా! నీకు కూడెందుకు? ఉప్పు బస్తా విప్పి కంచంలో ఒంపుతాను, తిను! ఓడలో కూడా ఇలాగే వండి పెడతన్నావేటి ఆళ్ళకి? పాపం, ఆ కెప్టెన్ ఎలా బతికున్నాడో!"

నేను తినడం అయ్యేదాకా ఆ వాన ఆగేది కాదు. రిటైరయ్యాక రోజుకి రెండు పూటలా అదే తంతు.

నిజం చెప్పనా? ఉప్పు ఏనాడూ తగ్గలేదు. ఒక్కనాడు కూడా. అచ్చి చెయ్యి ఉప్పు డబ్బాలోకి వెళ్ళి వస్తే తూకం వేసినట్టే. కానీ నాకు ఆ తిట్లు కావాలి. ఓడలో నన్ను తిట్టే ధైర్యం ఎవడికీ లేదు. ఆ తిట్లు చెవిన పడితేనే నాకు ఇంటికొచ్చినట్టుండేది, అన్నం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ దిగేది. ఈ సంగతి తనకి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే తిట్టడం మానేస్తుందేమోనని భయం.

మొన్న మే నెలలో, వానలు మొదలైన వారానికి, పెరట్లో కరివేపాకు కోసుకుని వస్తూ గడప దగ్గర కూలబడిపోయింది. కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రిలో ఇరవై రోజులుండి ఇంటికొచ్చాం. మింగడానికి ఇబ్బంది లేదు, మెత్తగా పిసికి పెట్టమన్నారు. ఉప్పు సగానికి తగ్గించమన్నారు. చూడండి, ఇన్నేళ్ళు లేని ఉప్పు కొరతని నేను నోటితో పిలిస్తే, చివరికి డాక్టరు రాసిచ్చాడు.

వారానికోసారి వచ్చి చెయ్యీ కాలూ ఆడించి వెళ్ళే ఫిజియో అమ్మాయి ఉంది. ఆ పిల్లని ఓ రోజు అడిగాను, ఈవిడకి మేం మాట్లాడేది అర్థమవుతోందా, రుచీ పచీ తెలుస్తున్నాయా అని.

"అంకుల్, చూస్తూ ఉండండి," అంది హిందీలో. "నచ్చనిది పెడితే ఆంటీ ముఖం చిట్లించిందా, వద్దని తోసేసిందా, అది మంచి గుర్తు. లోపల అన్నీ తెలుస్తున్నట్టే లెక్క."

ఆ మాట పట్టుకున్నాను. రెండు నెలలుగా అదే పట్టుకుని వేలాడుతున్నాను. నాకు ఇంకేం వద్దు. అచ్చి ఒక్కసారి నా వంటకి వంక పెట్టాలి. ముఖం తిప్పుకోవాలి, ఉమ్మెయ్యాలి, గిన్నె నెట్టెయ్యాలి. అప్పుడు నా మనిషి లోపల ఉన్నట్టే. కానీ ఏది పెట్టినా తింటోంది. నోరు తెరుస్తుంది, మింగుతుంది, మళ్ళీ తెరుస్తుంది. అదే నా బాధ.

వంట సంగతీ చెప్పాలి కదా. మొదటి రోజు పప్పు పెట్టాను. చేతికి పాత లెక్కే వచ్చింది. డేగిశా నిండిపోయింది. పక్కింటి బేబీరాణి గోడ మీంచి చూసి, "భయ్యా, ఇయాళ జహాజ్ ఇక్కడే లంగరేసినాదేటి?" అని నవ్వింది. వీధంతా పంచినా రెండు పూటలకి మిగిలింది. సాయిలక్ష్మి తను వండుతానంది, నేను ఒప్పుకోలేదు. అచ్చి ముప్పైయారేళ్ళు నాకు వండిపెట్టింది, ఇది నా వంతు. మొండివాణ్ణి, ఏం చేస్తాం.

జులైలో ఓ మధ్యాహ్నం పప్పన్నం తినిపిస్తున్నాను. రెండో చెంచాకి అచ్చి గట్టిగా పెదాలు బిగించి ముఖం గోడవైపు తిప్పేసుకుంది.

"ఏటే! ఉప్పు తగ్గిందా? బాగోలేదా? తిట్టవే! నన్ను తిట్టు!" అని కేకలు పెట్టాను. పిల్లకి ఫోన్ చేశాను. కౌంటర్ ముందు క్యూ ఉందని చెబుతున్నా వినలేదు. "మీ అమ్మ వద్దంది, తొందరగా రా" అన్నాను. పాపం, ఎవరినో తన కుర్చీలో కూర్చోబెట్టి వానలో స్కూటీ మీద తడుస్తూ వచ్చింది.

వచ్చి గిన్నె ముట్టుకుంది. తల్లి పెదవి పట్టుకుని చూసింది.

"నాన్నా, కాలిపోతంది. ఊదకుండా పెట్టేసినావు."

నిజమే. కింది పెదవి ఎర్రగా కమిలిపోయింది. ఆత్రంలో నేను చల్లార్చడమే మరిచాను. కాలితే పసిబిడ్డయినా ముఖం తిప్పుకుంటుంది, అదేం గుర్తు! సాయిలక్ష్మి నన్నొక్క మాట అనలేదు. పెదవికి కొబ్బరినూనె రాసి, తడిబట్టలతోనే మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయింది. అదైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత కాకరకాయ కూర చేశాను. ఈ ఇంటి గడప తొక్కనివ్వని కూర అది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అచ్చి కాకరకాయ కొన్నది లేదు, వండింది లేదు. నేను చేదు కూడా పిండలేదు, చక్కెర వెయ్యలేదు. ఆరబెట్టి, ఊది, నా పెదవికి ఆనించి చూసుకుని మరీ పెట్టాను. ఆ చేదుకి నేనే మూతి తుడుచుకున్నాను. తను మాత్రం గిన్నె ఖాళీ చేసి నోరు తెరిచే ఉంచింది, ఇంకా పెడతానేమోనని.

ఆ సాయంత్రం సాయిలక్ష్మికి సంగతి తెలిసి, చేతిలో బ్యాగు కింద పడేసింది.

"నాన్నా, అమ్మకి పరీక్షలు పెట్టడం ఒగ్గెయ్. కూడు పెట్టు. బస్."

"నీకేటి తెలుసు!" అని అరిచాను. ఏం తెలుసో నాకే తెలియదు. పిల్ల కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది.

ఆ అరుపు తర్వాత వరండాలో కూర్చుంటే పాత సంగతొకటి గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్త. చౌల్దారీలో మా మామ ఇంటి వెనక గదిలో ఉండేవాళ్ళం. అచ్చికి జ్వరం. నేను ఓడ దిగి వచ్చి, పెద్ద కుక్కునని పోజు కొట్టి, పప్పుచారు చేసిపెట్టాను. తను మెతుకు మిగల్చకుండా తిని, చెంబెడు నీళ్ళు గటగటా తాగి పడుకుంది. తర్వాత నేను తింటే, ఛీ, నోట్లో పెట్టలేకపోయాను. ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాను.

"నోరు లేదేటే నీకు? ఇది ఎలా తిన్నావు? సెప్పొచ్చు కదా!" అన్నాను.

దుప్పటిలోంచి ముఖం బయటపెట్టి నవ్వింది. "పొయ్యికాడ నిలబడి సేసినావు బావా. నేనేటని సెప్పేది?"

అప్పుడు ఆ మాటకి ఎంత మురిసిపోయానో! ఇప్పుడు గుర్తొస్తే భయం వేసింది. నేను వంక పెట్టమని ప్రాణం తీస్తున్న మనిషి, అసలు ఎవరి వంటకీ వంక పెట్టే రకం కాదు. బుర్ర బద్దలు కొట్టుకున్నాను. అప్పుడు తట్టింది. ఉంది, ఒక్కటుంది. కోనం పులుసు.

మార్కెట్లో సుర్మాయి చేప అంటారు, మా ఇంట్లో కోనం. ఆ పులుసు దగ్గర అచ్చికి మొహమాటం లేదు, పెద్దా చిన్నా లేదు. మా అమ్మ బతికున్నప్పుడు ఆమె చేతిలోంచే గరిటె లాక్కుంది, పులుసు చెడగొడతన్నావని. బేబీరాణి ఇంట్లో రుచి చూసి, అక్కడే కొంగు దోపుకుని పొయ్యి ముందు నిలబడిపోయింది. ఆ పులుసు చెడితే ఈ మనిషి ఊరుకోదు. ఊరుకోవడం తన వల్ల కాదు.

బేబీరాణినే అడిగాను ఎలా చేస్తుందో. ఇన్నేళ్ళు తిన్న నాకు తెలియదు, చూడండి.

"మెంతులు మాడకూడదు భయ్యా. సింతపండు పల్చగా. ముక్కలేసాక గరిటె పెట్టకూడదు, గిన్నె పట్టుకుని తిప్పడమే. దీదీ ఆఖర్న వెల్లుల్లి, జీలకర్ర పచ్చివే దంచి ఏస్తది. ఏసి మూతెట్టి దించేస్తది." గోడ అవతల నుంచి చెబుతూ చెబుతూ గొంతు మార్చుకుంది. "ఉప్పు సూసుకో భయ్యా. దీదీకి సేతి కొలతే."

మంగళవారం పొద్దున పిల్ల డ్యూటీకి వెళ్ళాక మొదలుపెట్టాను. చిన్న మట్టిదాకలో, మూడే ముక్కలు. ఈసారి కొలత తప్పలేదు. మెంతులు మాడలేదు. గరిటె పెట్టలేదు. అన్నీ బేబీరాణి చెప్పినట్టే చేశాను, ఒక్క ఉప్పు తప్ప. చిటికెడు కూడా వెయ్యలేదు.

వెల్లుల్లీ జీలకర్రా దంచి వేసి మూత పెట్టే ముందు తల తిప్పి చూశాను. వంటింటి గుమ్మంలోంచి హాల్లో మంచం కనిపిస్తుంది. అచ్చి తల ఇటు తిరిగి ఉంది. పొద్దుట్నుంచీ కిటికీవైపున్న తల, వాసన తగలగానే పొయ్యివైపు తిరిగింది. చేతిలో మూత చప్పుడు చేస్తూ పడింది.

అన్నం మెత్తగా పిసికాను. చేపముక్కని చీల్చి, వేళ్ళతో తడిమి తడిమి ముళ్ళన్నీ తీశాను. చల్లార్చాను. నేను రుచి చూశాను. ఉప్పు లేని పులుసంటే ఏమిటి? పులుపు విడిగా, కారం విడిగా, చేప విడిగా. నోట్లో పెట్టుకోలేం. వెళ్ళి మంచం మీద పక్కన కూర్చున్నాను.

మొదటి చెంచా. అచ్చి గిన్నెవైపు చూడలేదు, నా ముఖంలోకి చూసింది. నమిలింది. మింగింది. నోరు తెరిచింది.

"ఎలాగుందే?" అన్నాను.

నోరు తెరిచే ఉంచింది. రెండో చెంచా పెట్టాను, మూడోది పెట్టాను. కనుబొమ్మ కదులుతుందా, పెదవి వంకర పోతుందా, గొంతు ఆగుతుందా అని కళ్ళార్పకుండా చూశాను. ఏమీ లేదు. ఊదుతూ, పెడుతూ, లోపల లోపల బతిమాలుకున్నాను. తిట్టకపోతే పోనీ, ఒక్కసారి చీదరించుకోవే. నీ పులుసే ఇది, నీ పులుసుని పాడు చేశానే.

గిన్నె ఖాళీ అయింది. మెతుకు మిగల్లేదు.

నేను లేవబోతుంటే తన ఎడమ చెయ్యి పైకి లేచింది. అటూ ఇటూ ఊగుతూ వచ్చి నా నుదుటి మీద ఆనింది. అరచేత్తో చెమట తుడిచింది, ఇటు నుంచి అటు, మళ్ళీ అటు నుంచి ఇటు. పొయ్యి దగ్గర నిలబడ్డ చెమట.

ఇప్పుడు నేనేమనుకోవాలి? నాలుక చచ్చిపోయి ఉప్పు ఉందో లేదో తెలియక తిన్నదా? లేక అంతా తెలిసి, పొయ్యి దగ్గర నిలబడి చేశాడులే అని మింగేసిందా? అప్పుడైతే చెంబెడు నీళ్ళు తాగి నవ్వింది కాబట్టి తెలిసింది. ఇప్పుడెలా తెలుస్తుంది? చెప్పగలిగిన మనిషి ఒక్కతే, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కూడా నాకు జవాబు దొరకదు. ఈ గవరయ్యకి ఏడుపొచ్చింది. వచ్చింది, దాచడమెందుకు.

మూతి తుడిచి, దిండు సర్ది, వంటింట్లోకి వచ్చాను. మిగిలిన అన్నంలో మిగిలిన పులుసు పోసుకున్నాను. పీట వేసుకుని కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. గుమ్మంలోంచి హాల్లోకి వినబడేటట్టు గట్టిగా అన్నాను.

"ఉప్పు తగ్గిందే అచ్చీ!"

ముద్ద చేత్తో పట్టుకుని ఆగాను. రేకుల మీద వాన పడుతోంది. హాల్లో ఫ్యాను తిరుగుతోంది. వినబడలేదేమోనని మళ్ళీ అరిచాను, ఇంకా గట్టిగా.

"అచ్చీ! ఉప్పు తగ్గింది!"

గోడ అవతల నుంచి బేబీరాణి, "క్యా హువా భయ్యా?" అంది. ఉప్పు డబ్బా చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది. దాన్ని ముట్టుకోకుండా కంచం చివరిదాకా తిన్నాను.