నిలబడే పిల్ల బూట్లు

నిలబడే పిల్ల బూట్లు అరగవు. అరిగాయంటే ఏదో మతలబు ఉన్నట్టే.

హాలీవుడ్‌లో ఆటపాటల సినిమాలకు మా అమ్మాయి ఆర్డిస్ పెట్టింది పేరు. సెట్టు మీద దీపాలు సరిచేస్తున్నంతసేపు దాని చోట నిలబడటానికి వెల్డా అనే పిల్లను పెట్టారు. అదే ఎత్తు, అదే ఉంగరాల జుట్టు. కదలకుండా నిలబడటమే దాని పని. అలాంటి పిల్ల బూట్ల కింద టకటకలాడే డాన్సు రేకులు అరిగి తళతళలాడుతున్నాయి! వచ్చే వారం ఆర్డిస్ ఒప్పందం తిరగరాయాలి. పదమూడేళ్ళదాన్ని పదకొండేళ్ళదని నెట్టుకొస్తున్నాను. సరిగ్గా ఇప్పుడే ఈ పిల్లకు డాన్సు కావలసి వచ్చిందా? చాప కింద నీరులా వస్తోందన్నమాట.

జుట్టు ముడిచే మేబెల్‌ని అడిగాను.

"నీకెప్పుడూ అనుమానమే తల్లీ! మొన్న సెట్టులో పాఠాలు చెప్పే పంతులమ్మ మీద, నిన్న నా మీద. రేపు కెమెరా మీదేమో!" అంది.

"నవ్వు, నవ్వు. నీకూ ఓ కూతురుంటే తెలిసేది."

"పోనిద్దూ. చిన్నపిల్ల, దానికి మాత్రం సరదా ఉండదా?"

సరదాట! మా నోటికాడి కూడు లాక్కోవడం వీళ్ళకి సరదా. మేబెల్‌కీ ఇందులో చెయ్యి ఉందేమో అనిపించింది.

భోజనాల వేళ ఆర్డిస్ కనబడలేదు. బల్ల మీద దాని సూప్ చల్లారిపోతోంది. వెల్డా కూడా లేదు. మాయమాటలు చెప్పి నా పిల్ల దగ్గర డాన్సు అడుగులన్నీ లాగేస్తోందనుకున్నాను. ఆర్డిస్ జుట్టు సరిచేసే దువ్వెన పట్టుకునే సెట్టు మీదికి పరుగెత్తాను. గడ్డివాము బొమ్మ గీసిన తెర వెనక టకటకమని చప్పుడు. ఆ వెల్డా చెవి పట్టుకుని బయటికి ఈడ్చేద్దామనే వెళ్ళాను.

"అలా కాదే మొద్దూ, ఎడమ కాలు! తిరిగేటప్పుడు నవ్వాలి. పళ్ళు కనబడాలి."

ఆ గొంతు మా ఆర్డిస్‌ది. నేను అక్కడే ఆగిపోయాను.

"నాకెందుకు నేర్పుతున్నావ్?" అని వెల్డా అడిగింది.

"ఒక్కసారి వాళ్ళ ముందు చేసి చూపించు, నిన్నే తీసుకుంటారు. నేను అయోవాలో అమ్మమ్మ దగ్గరికి పోతా. బళ్ళో అందరితో కూర్చుంటా. రోజూ ఈ సూపేంటే? కడుపునిండా తింటా."

"మరి మీ అమ్మో?"

ఆర్డిస్ బూటుతో నేల మీద ఒకసారి టక్కున కొట్టింది.

"అమ్మకి వేషం కట్టే పిల్ల ఉంటే చాలు. నువ్వు కడితే నిన్నే చూసుకుంటుంది. తల దువ్వేటప్పుడు కొంచెం గట్టిగా లాగుతుంది. ఏడవకు, ఇంకా లాగుతుంది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఏమని పిలవాలో తెలియక తెర పక్కనుంచి ముందుకు వచ్చాను. నన్ను చూడగానే వెల్డా పారిపోయింది. ఆర్డిస్ పారిపోలేదు. నా చేతిలో దువ్వెన చూసి, అలవాటుగా వచ్చి నా ముందు నిలబడి, తల వంచి, కళ్ళు గట్టిగా మూసుకుంది.