పన్నెండో పని

ఉప్పుడబ్బాకు ఆనించిన ఫోనులో ఆ పత్రాన్ని మూడోసారి చదువుతూ, మధ్యాహ్నం కూటుకు గుమ్మడికాయ తరుగుతోంది జనని. ఒర్లియంపేటలోని ఆ వంటగట్టే ఆమెకు ఆఫీసు. చిన్న లైబ్రరీలు ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో చూసుకునే 'అలమర' అనే సాఫ్ట్‌వేర్‌కు ఆరేళ్ళుగా ఆమె పనిచేసేది అక్కడే. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల విప్పి బాగుచేయవచ్చు. జీతాలు లేవు, యజమానీ లేడు. తలా ఒక ఊళ్ళో కూర్చుని ఇష్టంకొద్దీ చేసేవాళ్ళు ముప్పైమంది.

ఇన్నాళ్ళూ పెత్తనమంతా ఒకే గుంపుది. ఇప్పుడు దాన్ని రెండు మండళ్ళకు పంచుతున్నారు. ఏ మార్పు చేర్చాలో, ఏది వద్దో ఓటేసి తేల్చేది సాంకేతిక మండలి. కొత్తవాళ్ళకు నేర్పేది, తగువులు తీర్చేది, ఉత్తరాలకు జవాబులు రాసేది సేవా మండలి. దీనికి ఓటు లేదు. ఒకరు ఒకదానిలోనే ఉండాలి. మరి జనని పేరు ఎందులో ఉందో వేరే చెప్పాలా? ఈ పంపకం చూస్తూ ఆ పత్రం రాసిన, చెన్నైలో ఉండే గురు అనే అతను ఆమెను ఒక్కమాట అడక్కుండానే సేవా మండలిలో రాసేశాడు. 'నీ ఓపిక ఇంకెవరికి వస్తుంది జననీ' అని పక్కన ఒక నవ్వు బొమ్మ కూడా.

ఓపికట, ఓపిక! ఒళ్ళు మండిపోయింది ఆమెకు. మొగుడు నరేంద్రన్ పద్నాలుగేళ్ళుగా అంటున్నదీ ఇలాంటి మాటే కదా. ఇంటికి నలుగుర్ని పిలిచినప్పుడల్లా, "నీ చేతి రుచి ఎవురికి వస్తాదిలే" అంటాడు. తట్టాంచావడిలో తన వర్క్‌షాపును పెంచే సంగతి ఆ నలుగురితోనే మాట్లాడతాడు, ఆమె చెవిన పడేది బోండాలు వడ్డించేటప్పుడే. ఒకసారి నోరు తెరిస్తే, "నీకేం తెలుస్తాది, కాపి చల్లారిపోయింది చూడు" అన్నాడు. ఇలా పొగిడి మూల కూర్చోబెట్టడం వీళ్ళకు ఎవరు నేర్పుతారో! ఆ పొగడ్తలకు తానూ చాలాకాలం పొంగిపోయిందే, అది తలచుకుంటేనే ఆమెకు సిగ్గేసింది.

అప్పుడు కనబడింది అసలు చోద్యం. పంచాల్సిన పనులు పదకొండు రాశారు, అందులో విడుదల లేదు! ముప్పైమంది చేసిన మార్పుల్ని ఆర్నెల్లకోసారి ఒకచోట చేర్చి, పరీక్షించి, చెడినవాటిని వెనక్కి పంపి, కొత్త వెర్షన్‌ను బయటికి వదలడమే విడుదల. ఆరేళ్ళుగా అది జననే చేస్తోంది. ఏనాడూ ఆగలేదు కాబట్టి అదొక పని అన్న సంగతే ఎవరికీ గుర్తు రాలేదు. పన్నెండో పనిగా తనే రాసేసి, సేవా మండలి కింద గుట్టుగా సర్దేద్దామని చేయి అలవాటుకొద్దీ ఫోను మీదికి పోయింది. పోయి ఆగింది.

మూడున్నరకు నరేంద్రన్ ఫోను చేశాడు. "నాలుగింటికి వర్క్‌షాపు పనిమీద కంపెనీవాళ్ళు ఇంటికి వస్తా ఉండారు. బోండా, కాపి రెడీ చేసి పెట్టు."

"నాలుగింటికి నాకు మీటింగు. పొద్దునే చెప్పినా కదా."

"నువ్వు వినేదే కదా. మైకు ఆపేసి పొయ్యికాడ పెట్టుకో, ఎప్పుడూ చేసేదే."

నిజమే. ఆరేళ్ళ మీటింగులన్నీ నూనె చిటపటల మధ్యే విన్నది.

"ఈరోజు మాట్లాడాల. వచ్చేటప్పుడు బేకరీలో ఏమన్నా తెచ్చుకోండి" అని పెట్టేసింది.

పడగ్గది తలుపు వేసుకుని కూర్చుంది. మీటింగు నడిచింది ఇంగ్లీషులో, మనం తెలుగులోనే చెప్పుకుందాం.

"గురూ, ఈ పదకొండు పనుల్లో విడుదల ఎక్కడుంది?"

వెతికాడు. "అరె... అది మామూలుగా అయిపోతూంటుంది కదా."

"అయిపోదు. నేను చేస్తాను."

బయటికి పోయేదేదో, ఆగాల్సిందేదో చివరికి తేల్చేది ఆ పనిలోనే గనుక అది సాంకేతిక మండలికే చెందాలని చెప్పింది. గురు పత్రంలో పన్నెండో అంకె వేశాడు.

"పొరపాటు నాదే. దాన్ని అక్కడే చేరుద్దాం. మరి ఆ మండలిలోకి నీ పేరు ఎవరైనా ప్రతిపాదిస్తే ఓటుకు పెడదాం..."

అక్కడ తన పేరు తాను చెప్పుకుంటే మర్యాద కాదు. అలాగని నియమమేమీ లేదు, ఊరికే ఆచారం. ఎవరో ఒకరు అంటారని ఆమె ఆరేళ్ళు చూసింది.

"ఎవరో ఎందుకు? నా పేరు నేనే ప్రతిపాదిస్తున్నాను. సేవా మండలిలోంచి తీసేయండి."

"నేను బలపరుస్తున్నాను" అంది వెంటనే మీనా. రెండేళ్ళ కిందట జనని దగ్గర పని నేర్చుకున్న పిల్ల.

తలుపు తీస్తే ఎదురుగా అత్త చెంగమ్మ. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో ఏమో.

"వాడే కాపి కలపతా ఉండాడు. పాలు పొంగించేసినాడు" అంది నవ్వు ఆపుకుంటూ. "ఏంమే, గెలిచినావా?"

"ఓటు వచ్చేవారం అత్తా."

"ఓటే కాలేదు, మొగంలో ఇంత సంతోషం ఏందే? గెలవకపోతే?"

జనని హాయిగా నవ్వింది.

"ఇన్నాళ్ళు నేను చేసిన ఆ పని ఇంక గెలిచినోళ్ళే చేసుకుంటారు అత్తా."