పైన కట్టిన గొలుసు

"కింద కాదురా, పైన కట్టు," అన్నాడు రామబ్రహ్మం.

పక్క చేలో మిరపకాయలు కోస్తున్న ఇరవై ముగ్గురు ఆడవాళ్ళూ ఆ మాట విన్నారు. అందరికంటే దగ్గరగా ఉన్నది ముఠా మేస్త్రి మరియమ్మ.

మాచవరం వైపు ఆ ఊళ్ళో రామబ్రహ్మానిది నలభై ఎకరాల కమతం. అందులో బరువైన పని ఏదున్నా అతని తండ్రి కొన్న పాత ట్రాక్టరే చేయాలి. ఎరువు తోలాలి, రాళ్ళు లాగాలి, నీళ్ళ ట్యాంకు మోయాలి. ఇప్పుడు కొట్టేసిన సుబాబుల్ తోటలో నేలలో మిగిలిన మొదళ్ళు పెకలించాలి. ఆ ట్రాక్టర్‌కు ఒక పక్క బ్రేకు పట్టదు. క్లచ్ ఎప్పుడు వదులుతుందో తెలియదు. పదకొండేళ్ళుగా దాన్ని నడుపుతున్న పున్నారావు బాగుచేయించమని అడిగినప్పుడల్లా "నడుస్తుంది గదా" అనేవాడు రామబ్రహ్మం.

ఆ పూట పున్నారావు గొలుసును వెనక కింద ఉండే హుక్కుకే తగిలించి లాగాడు. రెండుసార్లు చక్రాలు మట్టిలో తిరిగాయే గాని మొదలు కదల్లేదు. గట్టు మీద నిలబడ్డ రామబ్రహ్మానికి ఓపిక పోయింది. అప్పుడే ఆ మాట అన్నాడు.

"పైన కడితే ముందు చక్రాలు లేస్తాయయ్యా. బండి ఎనక్కి పడిద్ది," అన్నాడు పున్నారావు.

"ఇన్నేళ్ళు తోలినోడివి, ఇంకా భయమేందిరా? చేతగాకపోతే దిగు. రేపు ఇంకోడు ఎక్కుతాడు."

పున్నారావు ఒకసారి మరియమ్మ వంక చూశాడు. తను అక్కా అని పిలిచే మనిషి, ఏదైనా ఒక మాట అంటుందని చూశాడేమో. ఆమె తల వంచుకుని కాయలు కోసుకుంది.

అతను గొలుసు తీసి, హుక్కు కంటే పైన, సీటు కింద ఉండే ఇరుసు మీద చుట్టి ఎక్కాడు. ఇంజిన్ రొద పెరిగింది. మరియమ్మ తల ఎత్తేసరికి ట్రాక్టర్ నిటారుగా లేచి ఉంది. మరుక్షణం వెనక్కి పడింది.

అందరూ పరిగెత్తారు. ఎత్తబోతే ఇనుము కదల్లేదు. చేతులతో, కొడవళ్ళతో మట్టి తవ్వి అతన్ని బయటికి లాగారు. అప్పటికే ఊపిరి లేదు. మిరపకాయలు పోసే పట్టా మీద పడుకోబెట్టారు. కబురందుకుని వచ్చిన భార్య కోటమ్మ అతని కాళ్ళ దగ్గర కూలబడింది. ఏడవలేదు. నుదుటికంటిన మట్టి కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

రామబ్రహ్మం శవం దగ్గరికి రాలేదు. ఫోన్లో పొక్లెయిన్‌ను రమ్మన్నాడు. పోలీసులు వచ్చేలోగా ట్రాక్టర్‌ను లేపించాలి. ఆ తర్వాత మరియమ్మను పక్కకి పిలిచాడు.

"పొద్దున్నే తాగొచ్చాడని చెప్పాలి. మీ ముఠా మొత్తం అదే మాట మీదుండాలి."

"వాడు తాగడయ్యా."

"ఇవాళ తాగాడు," అన్నాడు రామబ్రహ్మం. "ఈ సీజనంతా నా చేలో పని మీకే. లేదంటే ఈ చుట్టుపక్కల ఏ చేలో మీ ముఠా దిగుద్దో చూస్తా."

పద్నాలుగేళ్ళుగా మరియమ్మ ఆయన మాటలే తెచ్చి ఆడవాళ్ళకు చెప్పింది. బేరం ఆడింది, సర్దింది, గొడవలు రాకుండా చూసింది. అందుకే ఆమె నోరు మంచిదని ఆయన అంటుండేవాడు. ఇప్పుడూ అలాగే వెళ్ళి, ఆయన అన్నది అన్నట్టు చెప్పింది.

"రేపటి నించి మనల్ని పిలిచేదెవరు? పిల్లల్ని ఎట్టా సాకాలి?" అంది ఒకామె.

"చచ్చినోడు చచ్చాడు. మనం కూడా చావాలా?" అంది ఇంకొకామె.

"ఇయ్యాళ పున్నారావు తాగాడంటాడు. రేపు చేలో పురుగుమందు కొడతా నా మొగుడు పడిపోతే ఆడూ తాగాడంటాడు. ఎంతమందిని తాగుబోతుల్ని చేద్దాం?" అంది జైనాబ్ బీ. ముఠాలో అందరికంటే పెద్దది, తక్కువ మాట్లాడే మనిషి. "పైన కట్టమన్న మాట మనమంతా విన్నాం. వినీ తల వంచుకుని కాయలు కోశాం."

మరియమ్మ తిరగబడ్డ ట్రాక్టర్ వంక చూసింది.

"ముందు తల వంచింది నేనే," అంది. "వాడు నా వంకే చూశాడు. నేనొక మాటంటే ఆగేవోడేమో."

ఆమె నడుచుకుంటూ పోయి, తిరగబడ్డ ట్రాక్టర్‌కు వీపు ఆనించి కూర్చుంది. జైనాబ్ బీ వచ్చి పక్కన కూర్చుంది. పిల్లల్ని ఎట్టా సాకాలని అడిగినామె కాసేపు నిలబడి, తనూ వచ్చింది. ఒక్కొక్కరే అందరూ వచ్చి చుట్టూ కూర్చున్నారు.

పొక్లెయిన్ వచ్చింది.

"గొలుసు ఎక్కడ కట్టుందో పోలీసులు రాసుకోవాలి. అప్పటిదాకా దీన్ని ముట్టుకోనియ్యం," అంది మరియమ్మ.

పొక్లెయిన్ డ్రైవర్ గొలుసు వంక చూశాడు, పట్టా మీది మనిషి వంక చూశాడు. ఇంజిన్ ఆపేసి దిగాడు. "నేనూ బండి తోలేవోణ్ణే," అన్నాడు రామబ్రహ్మంతో.

రామబ్రహ్మం కారెక్కి స్టేషనుకు పోయాడు. తిరిగొచ్చిన అతని కారు వెనకే ఎస్సై జీపు వచ్చింది.

"లేవండి. డ్యూటీకి అడ్డం పడితే కేసవుద్ది," అన్నాడు ఎస్సై.

"లేస్తాం సార్. గొలుసు ఎక్కడ కట్టుందో రాయండి," అంది మరియమ్మ.

"ఏం రాయాలో నువ్వు చెబుతావా?"

"చూసింది మేం గదా సార్. మేం గాక ఎవరు చెప్పాలి?"

కానిస్టేబుళ్ళు ఆమె రెక్కలు పట్టుకుని లేపారు. జీపు వరకు ఈడ్చారు. ఆమె కూర్చున్న చోటు ఖాళీ అయింది. కోటమ్మ భర్త కాళ్ళ దగ్గరి నుంచి లేచి వచ్చి ఆ చోట కూర్చుంది. ఆమెను లేపడానికి ఏ కానిస్టేబులూ ముందుకు రాలేదు.

జీపు కదిలింది. ట్రాక్టర్‌కు కాపలాగా, కోటమ్మకు తోడుగా ఆరుగురు మిగిలారు. తక్కినవాళ్ళు జైనాబ్ బీ వెంట జీపు పోయిన దారినే నడిచారు. దారి పొడుగునా చేలల్లోని ముఠాలు ఏమైందని అడిగాయి. విన్నవాళ్ళు సంచులు దించి రోడ్డెక్కారు. దుక్కి దున్నుతున్న డ్రైవర్లు బళ్ళను సాళ్ళలోనే ఆపేసి వచ్చారు. రేపు పని ఉంటుందో ఊడుతుందో ఎవరికీ తెలియదు. ఆ భయం మొహాల మీద కనపడుతూనే ఉంది. అయినా ఎవరూ వెనక్కి తిరగలేదు.

పొద్దు వాలకముందే స్టేషను గేటు బయట రోడ్డు నిండిపోయింది. లోపల ఎస్సై కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత బల్ల ముందు నిలబడ్డ మరియమ్మను చూశాడు. ఒక తెల్లకాయితం ముందుకు లాక్కున్నాడు.

"సరే. నువ్వు చూసింది చెప్పు."

"చెబుతా సార్," అంది మరియమ్మ. "నేనయినాక జైనాబ్ బీ చెప్పుద్ది. ఆమె ఎనక ఇంకో ఇరవై ఒక్కమంది చెబుతారు. బ్రేకుల్లేని బళ్ళు తోలేవోళ్ళు కూడా బయటే ఉన్నారు. ఆ ఒక్క కాయితం చాలదు. ఇంకా తెప్పించండి."