కూగర్ చెయ్యని పని

విద్యావతి కారు దిగేసరికే అలసిపోయింది. తానుండే క్వేకర్స్ హిల్ నుంచి గంట ప్రయాణం. దారి పొడుగునా ఫోన్లో తెలిసినవాళ్లబ్బాయి పాండురంగది ఒకటే పాట. "ఆంటీ, హండ్రెడ్ పర్సెంట్ కూగరే! మీరొచ్చి కౌన్సిల్ వాడికి ఒక్క మాట చెప్తే చాలు."

కెనడా కొండల్లో పన్నెండేళ్లు కూగర్లనే కొండ సింహాల వెంట పరిశోధనకని తిరిగి, అవంటూ లేని ఈ దేశానికొచ్చి పాఠాలు చెప్పుకుంటున్న మనిషి ఆవిడ. లేవంటే ఎవరు వింటారు? ఈ కొండల చుట్టుపక్కల వాళ్లకి ఏడాదికొకసారైనా కూగర్ కనిపించి తీరాలి. ముప్పయ్యేళ్లుగా ఎన్ని ఫోటోలు చూసిందో! ఒకటి బలిసిన అడవి పిల్లి, ఒకటి వాలబీ అనే చిన్న కంగారూ, ఒకటి పక్కింటి లాబ్రడార్. కాదంటే పోట్లాటకొస్తారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి.

ఈసారి ఫోటో కాదు, చచ్చిన గొర్రెపిల్లలు. పక్క పొలం ముసలాయనవి మూడు, తెల్లారేసరికి కంచె దగ్గర పడి ఉన్నాయి. ఆయన అనుమానం పాండురంగ వాళ్ల కుక్క చంటి మీద. దాని మీద ఇదివరకే ఒక ఫిర్యాదు ఉంది. ఇదీ దాని పనేనని తేలితే కౌన్సిల్ వాళ్లు, అంటే ఇక్కడి మున్సిపాలిటీ వాళ్లు, ఈ రోజే తీసుకుపోతారు. అలా పోయిన కుక్క తిరిగి రాదు.

పాండురంగ ఈ రోజు సెలవు పెట్టాడు గానీ, మామూలుగా మొగుడూ పెళ్లాలిద్దరూ పొద్దున్నే ఆఫీసులకి పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరతారు. ఐదెకరాల మధ్య ఆ ఇంట్లో పగలంతా ఉండేది అతని తల్లి శారదాంబ, చంటి. ఆవిడ మాట్లాడితే వినేది ఆ కుక్కొక్కటే.

"ఇంత అన్యాయమా అమ్మా విద్యావతీ!" గుమ్మంలోనే అందుకుంది శారదాంబ. "పిల్లప్పట్నుంచీ దాన్ని పెరుగన్నంతో పెంచాను. గుడ్డు వాసన కూడా ఎరగదు. ఏకాదశి నాడు నాతో పాటే పాలు తాగి పడుకుంటుంది. నిన్నటి ఏకాదశికీ అంతే. అలాంటిది జీవహింస చేస్తుందా?"

విద్యావతికి నవ్వు రావలసింది, రాలేదు. కుక్క చేత ఉపవాసం చేయించిన మనిషికి కోరపళ్ల సంగతి ఏమని చెప్పాలి?

కంచె దగ్గర కౌన్సిల్ మనిషి నిలబడి ఉన్నాడు. మోకాళ్లు మొరాయిస్తున్నా విద్యావతి బురదలో కూర్చుంది. చూడగానే తెలిసిపోయింది. తెలియకపోతే బాగుండుననీ అనిపించింది.

కూగర్ పొంచి ఉండి, వెనకనుంచి దూకి మెడ దగ్గర ఒక్క పట్టు పడుతుంది. మామూలుగా చంపేది ఒకదాన్నే. దాన్ని పొదల్లోకి ఈడ్చుకుపోయి, తిన్నంత తిని, మిగిలిన దాని మీద ఆకులూ మట్టీ కప్పి, నాలుగైదు రోజులు వచ్చి పోతూ తింటుంది. గోళ్లు ముడుచుకుని నడుస్తుంది కనుక అడుగుల్లో గోటి గుర్తు పడదు. ఇక్కడ మూడు పిల్లలకీ తొడలు చీరుకుపోయి ఉన్నాయి. ఏదీ ఈడ్చింది లేదు, తిన్నది లేదు. బురదలో ప్రతి అడుగు ముందూ గోటి గుర్తులు. అవి సరాసరి చంటి పడుకునే వరండా దాకా వెళ్లాయి.

"ఆంటీ," పాండురంగ గొంతు తగ్గించాడు, "మే బీ కూగర్ అని రాసేయండి చాలు. మే బీ అంటే అబద్ధం కాదు కదా. దీన్ని తీసుకెళ్తే అమ్మ తట్టుకోలేదు."

ఆ మాట అనేసి ఇంటికి పోయి పడుకోవచ్చు. ఎంత తేలికో! కానీ వచ్చే వారం ఇంకో మూడు పిల్లలు పోతాయి. పైగా కూగరని చెప్పాక ఊళ్లో ప్రతివాడూ తుపాకీ తీస్తాడు.

"కుక్కే," అంది కౌన్సిల్ మనిషితో, ఇంగ్లీషులో. ఆ ఒక్క మాట, వెనకే వచ్చి నిలబడ్డ శారదాంబకీ అర్థమైంది.

ఆవిడ విద్యావతి వైపు తిరిగింది. "నేను పస్తుంచబట్టేనా? ఆకలికి చేసిందా?"

"కాదండీ. ఆకలైతే తినేది. పరిగెత్తుతుంటే వెంటపడి ఆడుకుంది, అంతే."

"అవున్లే," అంది శారదాంబ. "ఆడుకోడానికి దానికి మాత్రం ఎవరున్నారు?"

కౌన్సిల్ మనిషి మెడపట్టీ అందించాడు. పాండురంగ మొహం తిప్పుకున్నాడు. శారదాంబ దాన్ని అందుకుని, రెండడుగులు వేసి, విద్యావతి చేతిలో పెట్టింది.

"నువ్వే కట్టమ్మా. నాకు చేతులు రావడం లేదు."

విద్యావతి కడదామని వంగింది. పట్టీ చూడగానే షికారుకనుకుని చంటి తోకాడిస్తూ వచ్చి, తనే మెడ చాపింది.