గడప దగ్గర ఆగిన లెక్క

సుప్రియ గెస్ట్ టీచరు. కన్నడంలో గౌరవంగా ‘అతిథి శిక్షకి’ అంటారు. అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడు. ఈ అతిథిని మాత్రం తిథి చెప్పకుండా పంపేస్తారు. మల్లట్ వైపు కాలవ కింద, వలసొచ్చిన తెలుగు రైతుల క్యాంపులో పుట్టి పెరిగిన ఈ పిల్ల, జూన్‌లో మట్మారి దగ్గరి ఒక ఊరి బడికి వచ్చి రెండో తరగతి తీసుకుంది. పుస్తకం కన్నడం, పిల్లల నోరు తెలుగు, మధ్యలో సుప్రియ వంతెన.

సోమవారం పొద్దున్నే హెడ్మాస్టరు బసవరాజు కబురు మోసుకొచ్చాడు.

“బుధవారం ఆఫీసరొస్తడమ్మ. రెండో క్లాసును తీసివేత లెక్కలు అడుగుతడు. పిల్లలకు తీసివేత రాకుంటే…”

“నన్ను తీసివేస్తారు,” అంది సుప్రియ.

“నేననే మాట నువ్వే అంటే ఇంక నేనెందుకమ్మ హెడ్మాస్టర్ని?” అని నొచ్చుకున్నాడాయన.

నిజానికి పిల్లలకు తీసివేత వచ్చు. బోర్డు మీద పన్నెండులోంచి ఐదు తీసేయమంటే కళ్ళు మూసుకుని ఏడంటారు. అంకెకు కథ తగిలించామా, అంతే సంగతులు.

“రంగవ్వ దగ్గర పన్నెండు రొట్టెలున్నాయర్రా. ఎదురింటి యంకవ్వకి ఐదిచ్చింది. రంగవ్వ దగ్గర ఎన్ని మిగిలాయి?”

“పన్నెండు!” అంది తరగతి, కిటికీ రెక్కలు అదిరేలా.

“పన్నెండెలా అవుతాయి? ఇచ్చేసింది కదా!”

ముందు వరసలోంచి నేహ లేచింది. రెండు జడలు, ముందు పన్ను లేని నోరు. “ఏంది టీచర్, యంకవ్వ ఊకెనే ఉంటదా?”

“పదమూడు గూడ కావచ్చు,” అన్నాడు పక్కనున్న అంబరీశ్. “యంకవ్వ చెయ్యి పెద్దది.”

సుప్రియ రొట్టెలు తీసి జామకాయలు పెట్టింది. జామకాయలు తీసి బలపాలు పెట్టింది. ఏది పెట్టినా తగ్గదే! సాయంత్రానికి బుర్ర గోక్కుని గోక్కుని ఆమె జుట్టులోనే తీసివేత మొదలైంది.

“నాగుల పంచమి ముంగట పెట్టుకొని శేషం దొరుకుత లేదంటవేందమ్మ!” అని పకపకా నవ్వాడు బసవరాజు.

ఆమె నవ్వలేదు. రెండు నెలల్లోనే ఈ పన్నులేని నవ్వులకు అలవాటు పడిపోయింది. బుధవారం తేడా వస్తే మళ్ళీ క్యాంపుకెళ్ళి ఖాళీగా కూర్చోవాలి.

మర్నాడు, నాగుల పంచమికి ముందొచ్చే రొట్టె పంచమి. క్యాంపులో ఆ పండగ లేదు కాబట్టి సుప్రియకు సంగతి తెలీదు. మధ్యాహ్నం నేహ నాయనమ్మ బడికొచ్చింది. ఆమె పేరు నిజంగానే రంగవ్వ. చేతిలో స్టీలు డబ్బా, దాని నిండా నువ్వులద్దిన సజ్జరొట్టెలు.

సుప్రియ రెండు తిని, మిగతావి కాగితంలో చుట్టి పెట్టుకుని, డబ్బా తళతళా కడిగి తిరిగిచ్చింది.

రంగవ్వ డబ్బాలోకి చూసింది. నేహ చూసింది. అంబరీశ్ బెంచీ ఎక్కి మరీ చూశాడు.

“వట్టి డబ్బా ఇస్తవా బిడ్డా?” అంది రంగవ్వ. “ఇయ్యాల ఇంటింటికి రొట్టెలిస్తం. వాళ్ళు తమవి పెట్టి పంపుతరు. పది గడపలు తిరిగొచ్చిన, పొద్దుగాల గంపల ఎన్నున్నయో గిప్పుడు గన్నే ఉన్నయి.”

సుప్రియ నోరు తెరిచింది. అందులో రొట్టె ముక్క ఇంకా ఉంది. పిల్లలు లెక్క తప్పలేదు. ఆమె అడిగిన దగ్గర ఆగకుండా ముందుకెళ్ళి పూర్తి చేస్తున్నారు!

గబగబా బల్లమీది రెండు సుద్దముక్కలు తీసి డబ్బాలో వేసింది.

“తినేటివి కాకున్నా వట్టిదైతే కాదు, పో,” అని రంగవ్వ మూత పెట్టింది.

ఇక సాయంత్రం దాకా క్లాసంతా గుమ్మం దగ్గరే. నేహ రంగవ్వ అయింది. అంబరీశ్ తలమీద తువ్వాలు కప్పుకుని యంకవ్వ అయ్యాడు. కాగితంలోని పది రొట్టెల్లో నాలుగు నేహ అతని చేతిలో పెట్టగానే సుప్రియ “ఆగు!” అని అరిచింది.

“యంకవ్వ ఇంకా వంటింట్లోకి వెళ్ళలేదు. ఇప్పుడు నీ దగ్గరెన్ని?”

“ఆరు.”

“అదే జవాబు. లెక్క గడప దగ్గరే అయిపోతుంది. ఆ తర్వాతది పండగ!”

బుధవారం ఆఫీసరు అమరప్ప వచ్చాడు. ముందు పొట్ట, వెనక ఫైలు. వచ్చీ రాగానే నేహనే లేపాడు.

“దేవప్ప దగ్గర పదిహేను జామపండ్లున్నయి. దోస్తుకు ఆరిచ్చిండు. ఎన్ని మిగిలినయి?”

నేహ వేళ్ళు ముడిచింది, తెరిచింది. సుప్రియ గుండె లెక్క తప్పి కొట్టుకుంది.

“సార్, దోస్తు ఇంక గడప కాడనే ఉన్నడా, ఇంట్లకు పోయొచ్చిండా?”

బసవరాజు కళ్ళు మూసుకున్నాడు. అమరప్ప కళ్ళు పెద్దవి చేశాడు.

“గడప కాడనే ఉన్నడనుకో.”

“తొమ్మిది సార్.”

“లోపలికి పోయొస్తే?”

“అది పండుగ సార్. లెక్క కాదు.”

ముందు అమరప్ప పొట్ట కదిలింది, తర్వాత నవ్వు బయటికొచ్చింది. “నిన్న మా ఇంట్ల ముప్పై రొట్టెలు పంచినం. ఆఖరుకు చూస్తే ముప్పై నాలుగు!” అంటూ ఇంకో ఐదుగుర్ని అడిగాడు. ఐదుగురూ గడప దాటకుండా సరిగ్గా చెప్పారు. ఫైల్లో ఏదో రాసి, సంతకం పెట్టి, మూసేశాడు. ఏం రాశాడో చెప్పలేదు.

లేవబోతుంటే, ఇంటినుంచి మళ్ళీ తెచ్చిన ఆ స్టీలు డబ్బాలో రొట్టెలు పెట్టి నేహ అందించింది.

“ఏయ్, లంచమా?”

“లంచం కాదు సార్, లంచ్!” అన్నాడు బసవరాజు, ఎన్నాళ్ళనుంచో నాలుక కింద దాచుకున్నవాడిలా.

శుక్రవారం డబ్బా తిరిగొచ్చింది. నేహ మూత తీసింది. లోపల జొన్నరొట్టెలు. వాటి కింద నూనె మరకల కాగితం. బసవరాజు పైకి చదివాడు: “తీసివేత బాగా నేర్పుతున్నందున ఈ టీచరును ఏడాదంతా తీసివేయరాదు.”

చదివి, “థూ, ఈ మాట నాకు తట్టాలె గదా!” అని కుళ్ళుకున్నాడు.

నేహ రొట్టెలు లెక్కపెట్టింది. “మనం ఐదే పెట్టినం టీచర్. ఆరొచ్చినయి. మేం ముందే చెప్పినం గదా!”

సుప్రియ కళ్ళు తుడుచుకుని డబ్బా కడిగింది. రంగవ్వకు పంపేముందు అందులో ఏం పెట్టాలా అని బల్ల సొరుగులన్నీ వెతకసాగింది.